లింగం ఇంట్లో మొదటి మంట

పొద్దున తొమ్మిదింటికి కొత్త పొయ్యి మీద పాలు పొంగాలి. మరమగ్గం కార్మికుడు లింగం పెట్టించిన ముహూర్తమది. వలసొచ్చి బతుకుతున్న లింబాయత్‌లో వాళ్ల గల్లీకి పైపు గ్యాస్ కావాలని గ్యాస్ ఆఫీసు ముందు బైఠాయించి గొంతు చించుకున్నది అతనే. కాబట్టి మొదటి మంట తన ఇంట్లోనే వెలగాలన్నాడు. సిలిండరు ముందురోజే వాపసిచ్చేశాడు. సిరిసిల్ల నుంచి అత్త వెంకటవ్వను రప్పించాడు. "మా అల్లుడివన్నీ ఒట్టి మాటలే" అని ఊరంతా చెప్పుకునే ఆ నోరు ఇవాళ్టితో మూతపడాలి.

గ్యాస్ మిస్త్రీ శివకృష్ణ వంటింట్లో అడుగుపెట్టి గతుక్కుమన్నాడు. మీటరుకు పసుపు, కుంకుమ. దాని కిందే వెంకటవ్వ వెలిగించిన దీపం. ఉఫ్‌మని ఊదేశాడు.

"దీపం ఊదినవా! నీ చేతులిరుగ!" వెంకటవ్వ లేచింది.

"అమ్మమ్మా, పైపు నిండ గాలే ఉన్నది. గ్యాసు దాంట్ల కలిసినంక నిప్పు తగిల్తె ఇల్లు లేస్తది. ముందుగాల ఆ గాలంత బయటికి పంపాలె. మంట తర్వాత."

రబ్బరు గొట్టం తగిలించి డాబా మీదికి లాగి, చాబీ తిప్పాడు. బుస్సుమంది. లింగం గడియారం చూశాడు.

"నా గ్యాసు ఆకాశానికి పోస్తున్నవేందిరా? జర అగ్గిపుల్ల గియ్యి, చూద్దాం!"

"గీస్తె చూడనీకి నువ్వుండవు కాకా."

వెంకటవ్వ పకపకా నవ్వింది. ఆ నవ్వు లింగానికి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. గల్లీలోకి ఉరికాడు. "బయటికి రాండ్రి! మన గ్యాసు ఎట్ల పారబోస్తున్నరో చూడుండ్రి!"

జనం తలలెత్తారు. తర్వాత ముక్కులెత్తారు. కుళ్లిన కోడిగుడ్ల వాసన! "లీకైంది, ఉరుకుండ్రి!" అని పక్కింటి దేవదాస్ కేక పెట్టాడు. మగ్గాలు ఆగాయి. పిల్లాజెల్లా మెయిన్ రోడ్డుకు పరుగు. పోతూ పోతూ దేవదాస్ గల్లీ మొదట్లో వాల్వు కట్టేసి వీరుడయ్యాడు. గొట్టంలో బుస ఆగిపోయింది.

"ఎవడు బంద్ చేసిండు? మల్ల మొదటి నుంచి చెయ్యాలె!" శివకృష్ణ తల పట్టుకున్నాడు.

రోడ్డు మీద జనం లింగం మీదికొచ్చారు. "గీ గ్యాసు కావాలన్నది నువ్వే గద!" ఇంతలో ఒకడు బీడీ తీశాడు. లింగం ఎగిరి వాడి చెయ్యి పట్టుకున్నాడు. బీడీ లాగి మోరీలో పారేశాడు. "నిప్పు ముట్టిస్తవా? పైపుల గాలి పోవాలె ముందుగాల! తర్వాతే మంట!" ఇక ఆగలేదు. గల్లీ మొదట్లో చేతులు చాపి నిలబడి, ఒక్కరినీ లోపలికి పోనివ్వకుండా, శివకృష్ణ చెప్పిందంతా తానే కనిపెట్టినట్టు ఉపన్యాసం దంచాడు.

వాల్వు మళ్లీ తిప్పించి, చాలాసేపటికి గొట్టం పని ముగించి, గ్యాసు కొలిచే చేతి మీటరు సరే అన్నాక, శివకృష్ణ పొయ్యి వెలిగించాడు. నీలి మంట. లింగం ఛాతీ విరిచాడు.

"చూడు అత్తా! ఒట్టి మాటలేనా? ఇగ పాలు పెట్టు!"

"పాలెక్కడివి అల్లుడా? ఎండల పోరగాండ్లు ఏడుస్తుంటే, రోడ్డు మీద చాయ్ బండికి పాలగిన్నె ఇచ్చిన. తొమ్మిదింటికే పొంగినయి. గల్లీ అంత తాగింది. నువ్వు మాట్లాడుతుంటివి."

ఆ పూట కొత్త పొయ్యి మీద నీళ్లు పెట్టారు. అవి మరిగాయి కాని, పొంగలేదు.