రగ్గు సన్మానం

ఆ ఉదయం ఉప్మాలో ఉప్పు లేదు. డాక్టర్ వెంకటరామారావు ఆ సంగతి భార్యకు చెప్పకుండా ప్లేటు ఖాళీ చేశాడు. మంచి పని మీద బయల్దేరుతూ తిండికి వంక పెట్టడం ఆయనకు ఇష్టం లేదు.

పని చిన్నదేమీ కాదు. ఆఫీసుల్లో కిందివాళ్లు పైవాళ్లకు చెడువార్త ఎందుకు చెప్పరన్న విషయం మీద ఆయన జుట్టు నెరిసేదాకా పరిశోధించాడు. సత్తుపల్లి కాలేజీలో అందుకోసం ఒక కేంద్రమే పెట్టాడు. దానివల్ల ఎవరికైనా ఏమైనా ఒరిగిందా అని చూడడానికి ఇవాళ హైదరాబాదు నుంచి ప్రొఫెసర్ సాహిత్య వస్తోంది. ఒరగలేదని తేలితే కేంద్రం మూతపడుతుంది, ఆయన మళ్లీ ఫస్టియర్ పిల్లలకు డెబిట్, క్రెడిట్ చెప్పుకోవాలి. అందుకే ఆమెను ములకలపల్లి దగ్గరి పామాయిల్ నర్సరీకి రమ్మన్నాడు. చెడు ఏదున్నా మొహం మీదే చెప్పాలని అక్కడి సిబ్బందికి స్వయంగా శిక్షణ ఇచ్చిన ఘనత ఆయనదే.

తనకు కలిసొచ్చే తెల్లచొక్కా ఇస్త్రీ బల్ల మీద కనబడితే గబగబా తొడుక్కున్నాడు. దాని వీపు మీద ఇస్త్రీపెట్టె అంత మాడు మచ్చ ఉంది. చెల్లెలితో ఫోన్ మాట్లాడుతూ భార్య సుబ్బరత్నం చేసిన నిర్వాకం అది. ఆయన గేటు దాటాక గాని ఆమె చూడలేదు. పిలవబోయి నోరు నొక్కుకుంది. శుభమా అని వెళ్లే మనిషిని వెనక నుంచి పిలుస్తారా ఎవరైనా?

కారు నడిపే గౌస్ కూడా చూశాడు. "అమ్మగారే చూసి ఊకున్నరు, నాకెందుకు?" అనుకుని స్టీరింగు పట్టాడు.

సాహిత్య అప్పటికే నర్సరీ ముందు నిలబడి ఉంది. కారులోంచి సంచీ తీయడానికి వెంకటరామారావు అటు తిరగ్గానే మేనేజరు చెంచురామయ్య గతుక్కుమన్నాడు. హైదరాబాదు మేడం ముందు సార్ పరువు పోతే ఎట్లా? సన్మానానికి తెచ్చిన శాలువా ఆదరాబాదరాగా ఆయన భుజాల మీద కప్పేశాడు.

"అప్పుడే ఎందుకయ్యా?" అన్నాడు వెంకటరామారావు, లోపల మురిసిపోతూ.

అసలే మే నెల. మొక్కలు చూస్తూ చూస్తూ ఆయన శాలువా తీసి గౌస్ చేతికిచ్చాడు. వెంటనే క్లర్కు సుజన పరుగెత్తుకొచ్చి, మేడం కోసం ఉంచిన రెండో శాలువా కప్పింది. ఉక్కకు తాళలేక ఆయన అదీ తీసేశాడు. చెంచురామయ్య ఒక మనిషిని ఊళ్లోకి తరిమాడు. అతను తిరిగొచ్చేదాకా సిబ్బంది అంతా సార్ వీపుకు అడ్డంగా గుంపుగా నడిచారు. దుకాణంలో శాలువాలు లేవట, పులిబొమ్మ ఉన్న ఉన్ని రగ్గు దొరికింది. దాన్నే కప్పి చప్పట్లు కొట్టారు.

సాహిత్య మొహం చిట్లించింది. "మిమ్మల్ని సంతోషపెట్టడం తప్ప వీళ్లకు ఇంకో పని ఉన్నట్టు లేదు సార్. మీరిచ్చిన శిక్షణ ఇదేనా?"

వెంకటరామారావుకు ఫస్టియర్ క్లాసు కళ్లముందు కదిలింది.

"అట్లనుకోకండి మేడం! ఏదున్నా నా మొహం మీదే చెప్తరు. చెంచురామయ్యా, ఇయ్యాల ఇక్కడ బాగలేనిదేంది? చెప్పు!"

"అంతా మంచిగనే ఉంది సార్."

"సుజనా, నువ్వు చెప్పమ్మా."

"మంచిగుంది సార్. రగ్గు మాత్రం తీయకండి."

"ఉడికిపోతున్ననమ్మా!" అంటూ ఆయన రగ్గు విసిరేసి, తన సిద్ధాంతం రాసి చూపిద్దామని షెడ్డు గోడకున్న బోర్డు వైపు తిరిగాడు.

సిబ్బంది అంతా మొక్కల వైపు చూశారు. చివరికి సాహిత్యే అంది: "సార్, మీ చొక్కా వెనక కాలింది."

ఆయన చొక్కా విప్పి చూసుకున్నాడు. బనీను మీదే విచారణ మొదలుపెట్టాడు.

"ఎప్పుడు చూసినవయ్యా?"

"మీరు కారు దిగంగనే సార్," అన్నాడు చెంచురామయ్య. "మంచిరోజు మీ మనసు పాడుచేసుడెందుకని..."

"నేను సత్తుపల్లిలనే చూసిన సార్," అన్నాడు గౌస్.

ఫోన్ చేసి అడిగితే సుబ్బరత్నం అంది: "శుభమా అని పోతున్నరు, వెనక నుంచి ఎట్ల పిలుస్తనండీ?"

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. నిజంగానే ఏడుపొచ్చింది. "ఏం ఒరగలేదని రాసేయండి మేడం."

"మీ శిక్షణ దండగే సార్," అంది సాహిత్య. "పరిశోధన మాత్రం అక్షరాలా నిజం. ఇంత మచ్చ ఇల్లు దాటింది, కారెక్కింది, ఆఫీసుకొచ్చింది. మీ చెవిదాకా మాత్రం రాలేదు. ఈ రోగానికి మందు దొరికేదాకా మీ కేంద్రం ఉండాల్సిందే." ఆమె నేల చూపులు చూస్తూ గొణిగింది: "నిజానికి మొదటి శాలువా కప్పకముందే నేనూ చూశాను. పెద్దవారు కదా అని..."

ఆ రాత్రి కేంద్రం నిలిచిందన్న కబురు విని సుబ్బరత్నం సంబరపడింది. "ఇగనుంచి మనింట్ల గూడ ఏదున్నా మొహం మీదే చెప్పుకుందామండీ," అంటూ వేడివేడి అన్నం వడ్డించింది. "పప్పెట్లుంది?"

పప్పులో ఉప్పు లేదు.

"అమృతం," అన్నాడు వెంకటరామారావు.