అప్పలస్వామి చేలో గ్యాసు

ఆ పొద్దున అప్పలస్వామి పెట్టుకున్న పని ఒక్కటే. చద్దన్నం తిని, చేలోకి వెళ్ళి, అగ్గిపుల్ల గీసి మొక్కజొన్న చొప్పకి అంటించి రావడం. కండెలు విరిచాక చేనంతా ఎండు చొప్ప నిలబడి ఉంది. పీకించడానికి కూలీలు లేరు. ఉన్నవాళ్ళంతా రొయ్యల చెరువుల మీదకి పోయారు. కొత్తపేట వైపు నుంచి సూర్యారావు ట్రాక్టరు ఆ వేళే పంటు పడవెక్కి గోదావరి దాటి లంకలోకి వస్తోంది. ఒక్క రోజు దున్ని వెళ్ళిపోతుంది. మళ్ళీ ఎప్పుడొస్తుందో దానికే తెలియదు. ఈలోగా నేల పదును ఆరిపోతే పెసర మొలవదు. పెసర మొలవకపోతే అప్పలస్వామి ఇంట ఆ వేసవి గడవదు.

చెప్పుల్లో కాళ్ళు పెడుతుండగా ఫోను మోగింది. వ్యవసాయ శాఖ కుర్రాడు సుదర్శన్. చెవి కాస్త మందం కావడంతో అప్పలస్వామి ఫోను పెద్దగా పెట్టుకుని వింటాడు. అతనితో పాటు వీధి కూడా వింటుంది.

"అప్పలస్వామి గారూ, చొప్ప కాల్చకండేం! కాలిస్తే గ్యాసొస్తుందండీ!"

"ఆయ్."

"మీ చేనొక్కటే కాదండీ, ఊరంతటికీ ప్రమాదం!"

"ఆయ్."

అప్పలస్వామికి ఉన్న మాట అదొక్కటే. దాంతోనే అరవై ఏళ్ళు నెట్టుకొచ్చాడు. అవునన్నా ఆయే, వింటున్నానన్నా ఆయే, ఇక చాలు వెళ్ళండన్నా ఆయే. పెళ్ళిచూపుల నాడు పిల్ల నచ్చిందా అని అడిగితే ఆయ్ అన్నాడు. అది ఏ ఆయో అతని పెళ్ళాం మాణిక్యానికి ఇప్పటికీ తెలియదు.

దడి అవతల గిన్నెలు తోముకుంటున్న వీరాయమ్మకి చొప్ప సంగతి వినపడలేదు. గ్యాసు వినపడింది, ఊరంతటికీ ప్రమాదమనీ వినపడింది. కొబ్బరి తోటల అడుగున గ్యాసు గొట్టాలు పాకిన కోనసీమలో ఆ రెండు మాటలు చాలు. మసి చేతులతోనే దడి మీద నుంచి తొంగి చూసింది.

"అన్నయ్యగారూ, మీ చేలో గ్యాసొస్తందంటండీ?"

అప్పలస్వామి మనసంతా ట్రాక్టరు మీద ఉంది. "ఆయ్," అని నడిచిపోయాడు.

"ఓలమ్మో! వదినా, పొయ్యార్పెయ్!" అని వీరాయమ్మ పెట్టిన కేకకి మాణిక్యం ఉడుకుతున్న పులుసు మీద నీళ్ళు కుమ్మరించింది. మంట మీద పొయ్యాల్సిన నీళ్ళవి. కేక వీధి చివరికి చేరేసరికి గ్యాసు చేలోంచి కాలవ గట్టు మీదకి వచ్చేసింది. టీ కొట్టు దగ్గర నోట్లో ఉన్న బీడీని పక్కవాడు లాగి బురదలో తొక్కాడు. అమ్మవారికి ఆ పూట హారతి లేదు, దండంతో సరిపెట్టారు. ఫోను మోగితే నిప్పు రవ్వ లేస్తుందని ఎవరో అన్నారు. లంకలో ఫోనులన్నీ ఆగిపోయాయి.

ఇవేవీ తెలియని అప్పలస్వామి గట్టు మీద వంగి అగ్గిపెట్టె తీశాడు. పుల్ల గీయబోతుంటే వెనక నుంచి సూర్యారావు ఎగిరి మీద పడ్డాడు.

"బాబాయ్! లంకంతా లేపేద్దామనుకున్నావా ఏంటి!"

అగ్గిపెట్టె వెళ్ళి బోదె నీళ్ళలో పడింది. అప్పలస్వామి లేచి మట్టి దులుపుకుని చూశాడు. ఊరంతా మూతులకి తువ్వాళ్ళు కట్టుకుని గట్టు మీద నిలబడి ఉంది. ట్రాక్టరు మాత్రం దూరంగా కొబ్బరి చెట్ల కింద ఆగిపోయింది.

"నా బండి ఈ చేలోకి దిగదు బాబాయ్. ఇంజన్లో నిప్పుంటది. నేనూ బండీ ఇద్దరం పోతాం," అన్నాడు సూర్యారావు.

అప్పలస్వామి చేలోకి దిగి వంగాడు. ఒక మట్టి బెడ్డ తీసి పిసికాడు. ఇంకా చల్లగానే ఉంది. "పదునుందిరా," అన్నాడు. ఆ ఏడాదిలో అతను అన్న పెద్ద మాట అదే. ఎవరూ వినలేదు.

"గ్యాసునెలాగూ ఆపలేం. ఈ ఎండు చొప్పుంటే ఇళ్ళ దాకా అంటుకుపోద్ది. ముందు దీన్ని పీకండర్రా!" అంది వీరాయమ్మ.

కొడవళ్ళు రాయికి తగిలితే నిప్పు రాలుతుందని వద్దన్నారు. చెప్పులకి మేకులున్నాయని అవీ విప్పించారు. లంక ఇసక కలిసిన ఒండ్రు నేల కావడంతో చొప్ప లాగితే వేళ్ళతో సహా వచ్చేస్తోంది. కూలికి పిలిస్తే నడుం నొప్పన్నవాళ్ళంతా ప్రాణభయంతో వరసలు పట్టి పీకారు. మధ్యాహ్నానికి చేను గుండు కొట్టించినట్టయింది. చొప్పంతా గోదావరి గట్టున గుట్టయింది.

ఎన్నిసార్లు ఫోను చేసినా ఒక్కరిదీ మోగకపోయేసరికి సుదర్శన్ కంగారుగా పంటు దాటి వచ్చాడు. జనాన్ని చూసి మోటారు సైకిలు దిగడం మరిచిపోయాడు.

"ఏమైందండీ?"

"మీరే కదండీ గ్యాసొస్తందని చెప్పేరు!" అన్నారు జనం.

"నేలలోంచి కాదండీ బాబూ! చొప్ప కాలిస్తే పొగతో వచ్చే గ్యాసండీ. అది పైకెళ్ళి ఎండలు ముదిరేలా చేస్తుంది. దేశంలో మొక్కజొన్న చేలన్నీ ఇలాగే కాలిస్తే ఎంత పొగో చూడండి. అందుకని వద్దన్నాను."

గట్టు మీద ఒక్కొక్కరూ మూతికి కట్టిన తువ్వాలు కిందికి లాగారు. తరవాత ఊరంతా ఒక్కసారే అప్పలస్వామి వైపు తిరిగింది.

"అన్నయ్యగారూ! నేనడిగితే మీరు ఆయ్ అన్లేదూ?" అంది వీరాయమ్మ.

అప్పలస్వామి ఆలోచించాడు. "విన్నానన్నానమ్మా. అవునన్లేదు."

ముందు నవ్వింది మాణిక్యం. "నలభయ్యేళ్ళ నించీ నా గొడవా ఇదేనండీ!" అంది పమిట నోటికి అడ్డం పెట్టుకుని. ఆమె నవ్వాక ఊరికి తిట్టడం కుదరలేదు. వీరాయమ్మ మెల్లిగా చొప్ప గుట్ట వైపు జరిగింది. "ఎలాగూ పీకేం. మా గేదెలకి రెండు మోపులు..." అంది.

"ఆయ్," అన్నాడు అప్పలస్వామి. ఈసారి అది ఏ ఆయో అందరికీ తెలిసింది.

సూర్యారావు ట్రాక్టరు చేలోకి దిగింది. నాగలి వెనక నల్లటి మట్టి చెమ్మగా తిరగబడుతుంటే, మాణిక్యం ఒడిలోని పెసలు తీసి అప్పలస్వామి చేతిలో పోసింది.

సుదర్శన్ గట్టు మీద నిలబడి పై ఆఫీసరుకి ఫోను చేశాడు. "ఈ లంకలో ఇవాళ ఎక్కడా పొగ లేదు సార్!"

నిజమే. ఆ పూట లంకలో ఒక్క పొయ్యీ వెలగలేదు.