నలభయ్యో నమూనా

ఆ ఉదయం దశాంశం గారి పథకం చిన్నదే. నలభై మంది రక్తాన్ని రెండు యంత్రాల్లో పెట్టి, రెండింటి అంకెలూ కలిశాయని చూపించి, మధ్యాహ్నానికల్లా ల్యాబు ఇన్‌చార్జి కుర్చీలో కూర్చోవాలి. ఇరవై రెండేళ్లుగా ఆ ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియన్‌గా ఉన్న ఆయనకు ఆ పేరు పెట్టింది తోటివాళ్లే. సోడియం నూట నలభై అని ఎవరైనా చెబితే, పాయింటు తర్వాత ఎంతో అడిగితే గానీ ఆయనకు తిన్నది అరగదు.

గోడవారగా ఉన్న పెద్ద యంత్రం పాతది. రక్తం మీద తేరిన ద్రవాన్ని చుక్క తీసుకుని, నీళ్లు కలిపి, ఆ తర్వాత ఎలక్ట్రోడ్‌తో సోడియం కొలుస్తుంది. బల్ల మీది చిన్న యంత్రం నీళ్ల జోలికి పోదు, ఉన్నదాన్ని ఉన్నట్టే కొలుస్తుంది. పట్టుబట్టి దాన్ని కొనిపించింది దశాంశం గారే. "రెండింటికీ తేడా వచ్చిందంటే ఆ కుర్చీ సంగతి మర్చిపోండి," అని సూపరింటెండెంటు మేడమ్ ముందే చెప్పింది.

రోగుల నమూనాలు ముప్పై తొమ్మిది దొరికాయి. నలభయ్యోది నిక్షేపంగా ఉన్న మనిషిది కావాలి. దశాంశం గారు చొక్కా చెయ్యి పైకి మడిచారు.

"పొద్దున కడుపులో నొప్పన్నారు కదా సార్," అంది జూనియర్ అమ్మాయి, సూది పట్టుకుని.

"గ్యాసమ్మా. గుండ్రాయిలా ఉన్నాను, నా రక్తానికేం. తియ్యి."

ముప్పై తొమ్మిదీ అచ్చంగా కలిశాయి. నలభయ్యోదానికి చిన్న యంత్రం నూట నలభై అంది, పెద్దది నూట ఇరవై తొమ్మిది అంది. ఆయన మళ్లీ పెట్టించారు. మళ్లీ అదే. పెట్టిన ప్రతిసారీ ట్యూబుకు కొత్త స్టిక్కరు అంటించాలి కాబట్టి, ఏడోసారికి లోపల రక్తముందో సిరా ఉందో కూడా కనిపించనంతగా దానికి బట్టలు తొడిగారు.

ఆయన అనుమానం ఎలక్ట్రోడ్ మీదికి పోయింది, కలిపే నీళ్ల మీదికి పోయింది, చివరికి ఆ అమ్మాయి చేతిపని మీదికీ పోయింది. సొంత రక్తం మీదికి మాత్రం పోలేదు. కబురందుకుని పరుగున వచ్చిన సర్వీసు ఇంజనీరు ఎలక్ట్రోడ్ మార్చి, గొట్టాలు కడిగి, చెమట తుడుచుకున్నాడు. నూట ఇరవై తొమ్మిదే వచ్చింది.

"పెద్దది తక్కువ చూపిస్తోంది. పొద్దుటి రిపోర్టులన్నీ తప్పే," అని తేల్చేశారు దశాంశం గారు.

"మిగతావన్నీ కలిశాయి కదా సార్?"

"కలిసింది మన అదృష్టం," అంటూ ఆయన ఫోను అందుకుని వార్డువార్డుకీ చెప్పారు.

మూడో వార్డు నర్సు తటపటాయించింది. "ఇక్కడొకామెకి నూట పదహారు వచ్చిందండీ. ఉప్పు సెలైన్ ఎక్కుతోంది." ఆమె రక్తాన్ని పెద్ద యంత్రం ఒక్కటే చూసింది, ఆ నలభైలో లేదు.

"నూట పదహారేంటమ్మా, ఇంకో పదకొండు కలుపుకో. అంత ప్రమాదమేం లేదు. నా మాటగా డాక్టరుగారికి చెప్పు."

ఇరవై రెండేళ్ల మాట కాబట్టి డాక్టరు నమ్మాడు. సెలైన్ ఆపారు. గంటన్నర తిరక్కుండానే ఆమెకు ఫిట్స్ వచ్చాయి.

నర్సు ఆమె రక్తం పట్టుకుని తనే పరిగెత్తుకొచ్చింది. వెనకాలే మేడమ్ వచ్చింది. పెద్ద యంత్రం నూట పద్నాలుగు అంది. చిన్నదీ నూట పద్నాలుగే అంది. కుర్చీ పోతే పోనీ, ఆమె బతికితే చాలునని దశాంశం గారు నిజంగానే అనుకున్నారు.

"సెలైన్ మళ్లీ పెట్టమని చెప్పాను," అంది మేడమ్. "మిషన్లు రెండూ బాగానే ఉన్నాయి. మరి మీ ట్యూబులో ఏముంది?"

జూనియర్ అమ్మాయి గోటితో స్టిక్కర్లు ఒక్కొక్కటే ఒలిచింది. రక్తం మీద తేరిన ద్రవం లేత పసుపు రంగులో ఉండాలి. ఇది చిక్కటి పాలలా ఉంది.

"ఎవరిదిది?" అంది మేడమ్.

"సార్‌దే మేడమ్. పొద్దున కడుపులో నొప్పన్నారు," అంది జూనియర్ అమ్మాయి.

"అంతా కొవ్వే," అంది మేడమ్. "చుక్కలో చోటంతా కొవ్వు మింగేస్తే, దాన్ని కొలిచి నీళ్లు కలిపే మిషన్‌కి సోడియం తక్కువే కనిపిస్తుంది. నీళ్లు కలపనిది నిజం చెప్పింది. ఆ నొప్పి ఎప్పట్నుంచి?"

"మూడు రోజులు మేడమ్. గ్యాసని..."

"క్లోమం వాచి ఉంటుంది. నడవకండి, స్ట్రెచర్ తెప్పిస్తాను."

మూడో వార్డులో ఒక్క మంచమే ఖాళీగా ఉంది, అదీ ఆ ఫిట్స్ వచ్చినామె పక్కనే. ఆమె సాయంత్రానికి కళ్లు తెరిచింది కానీ, కన్నకూతురిని గుర్తుపట్టడానికి మర్నాటి దాకా పట్టింది. ఆ రాత్రంతా మేలుకున్న కూతురు పక్క మంచం వైపు తిరిగి, "మీరు కూడా పడుకోలేదేంటి బాబాయ్ గారూ, బాగా నొప్పిగా ఉందా?" అని అడిగింది. వాళ్లమ్మ సెలైన్ ఎవరి మాట మీద ఆగిందో ఆ పిల్లకు తెలియదు. చెప్పాలని ఆయన నోరు తెరిచారు. నొప్పి వంకతో మళ్లీ మూసుకున్నారు.

మూడో రోజున జూనియర్ అమ్మాయి నివేదిక తెచ్చి, ఇన్‌చార్జి అన్నచోట తను పెట్టిన సంతకాన్ని బొటనవేలితో కప్పి పట్టుకుని చూపించింది. "పనికిరాని నమూనాని మేడమ్ తీసేయమన్నారు సార్."

ఆయన్ని తీసేశాక రెండు యంత్రాలకూ తేడా లేదు.