కాలర్లు లేని చొక్కాలు

గురువారం పొద్దున దర్జీ వేసుకున్న పథకం గట్టిగా గంటసేపటి పని. తొమ్మిదింటికి మసాజ్ సెంటర్‌కి వెళ్లి మెడ పట్టించుకోవాలి, పదింటికల్లా షాపు తీయాలి. అంతే. మెడ పట్టేయడం కూడా ఇవాళ్టిది కాదు. నాలుగు నెలల కింద అన్నయ్య చనిపోయినప్పటి నుంచీ ఎడమవైపు తిరుగుతుంది, కుడివైపు తిరగదు. షాపులో కుడివైపున ఉండేది అన్నయ్య మిషను. ఈ సంగతి మెడ చూసిన డాక్టరుకి ఎవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు.

అన్నదమ్ములిద్దరూ ఇరవై ఆరేళ్లు పక్కపక్కన కూర్చుని చొక్కాలు కుట్టారు. గుడ్డ మీద సుద్దతో గీసి కత్తిరించేది అన్న, మిషను మీద కుట్టేది తమ్ముడు. కాలర్లు మాత్రం అన్నే కుట్టి, అంచు నిలిచేలా తిప్పాలి. "నీ చేతికి కాలర్ రాదురా, వదిలెయ్" అనేవాడు. షాపులో దుమ్ము పడుతుందని వాటిని ఇంటికి పట్టుకెళ్లి, మర్నాడు కత్తిలాంటి అంచులతో తెచ్చేవాడు.

అలాంటి మనిషి పోతే తమ్ముడి కంట ఒక్క చుక్క రాలలేదు. పైగా మూడో రోజే వెళ్లి షాపు తాళం తీశాడు. మేడ మీద ఉండే వదిన ఆ రోజు నుంచీ అతనితో మాట మానేసింది. కింద వంటింట్లోకి వస్తుంది, తోడికోడలితో కబుర్లు చెబుతుంది, మరిది గుమ్మంలో కనపడితే గోడకేసి చూస్తుంది. అలా నాలుగు నెలలు. ఇప్పుడు ఆదివారం సామాను ఎత్తుకుని చెల్లెలి ఊరు వెళ్లిపోతానని అట్టపెట్టెలు కడుతోంది. ఉండమని అడగాలని దర్జీకి ప్రాణం కొట్టుకుంటోంది. మెట్ల దాకా వెళతాడు, వెనక్కి వస్తాడు.

మసాజ్ అమ్మాయి చూడ్డానికి పీలగానే ఉంటుంది కానీ బొటనవేళ్లు సుత్తుల్లాంటివి. బల్లకి ఒక చివర ముఖం పెట్టుకోవడానికి కన్నం ఉంది. దర్జీ అందులో ముఖం దూర్చి, నడుముకి తువ్వాలు చుట్టుకుని బోర్లా పడుకున్నాడు. ఆ అమ్మాయి అతని కుడి రెక్క కింద వేలు ఆనించి తడిమింది.

"బాబాయ్ గారూ, ఇక్కడ ఇంత రాయి దాచుకున్నారేంటి?" అంటూ నొక్కింది.

దర్జీ ఏడ్చాడు. మొదట ముక్కుతో, తరవాత భుజాలతో, ఆపైన బల్ల కోళ్లతో సహా.

"నొప్పిగా ఉందా బాబాయ్ గారూ?"

"లేదమ్మా."

"ఆపెయ్యనా?"

"వద్దమ్మా."

ఆ అమ్మాయికి ఇది కొత్త కాదు. ఒళ్లు వదులయితే కొందరికి నవ్వొస్తుంది, కొందరికి నిద్రొస్తుంది, కొందరికి ఎప్పటి ఏడుపో వస్తుంది. వచ్చినదాన్ని రానివ్వాలని పని నేర్పినావిడ చెప్పింది. అయినా పరువుగల మనిషి ఏడుపు నలుగురికీ వినపడటమెందుకని, వెళ్లి తలుపు గడియ వేసింది. కొంప ముంచింది ఆ గడియే.

బయట బెంచీ మీద నడుం నొప్పితో ఒక బస్సు డ్రైవరు తన వంతు కోసం కూర్చుని ఉన్నాడు. లోపల ఏడుపు విన్నాడు, వెంటనే గడియ చప్పుడు విన్నాడు. ఆయన ప్యాంట్లు కుట్టేది ఈ దర్జీయే కనక ఇంటి నంబరు దగ్గరుంది. ఫోను చేశాడు.

"అమ్మా, మీ ఆయన్ని గదిలో పెట్టి గడియ వేసిందండీ ఆ పిల్ల. లోపల గొల్లుమని ఏడుస్తున్నాడు."

"మా ఆయనా? ఏడవడమా?" దర్జీ భార్య చేతిలో గరిటె జారిపోయింది. "సొంత అన్న పోతేనే ఏడవలేదండీ ఆ మనిషి! అయితే ప్రాణం మీదికే వచ్చుంటుంది!"

ప్రాణం మీదికి వచ్చిందంటే గుండే అయ్యుండాలని ఆవిడ లెక్క. అంబులెన్సుకి ఫోను చేసి గుండెపోటని చెప్పేసింది. ఆ తరవాత మెట్ల దగ్గర నిలబడి, "అక్కా! మీ మరిది మనకి దక్కేలా లేడక్కా!" అని పెట్టిన కేక వీధి చివరి దాకా వెళ్లింది.

పావుగంటలో మసాజ్ సెంటర్ ముందు ఓ పదిహేను మంది పోగయ్యారు. సగం మంది అభిమానం కొద్దీ వచ్చారు. మిగతా సగం మంది బట్టలు దర్జీ దగ్గరున్నాయి.

"ఎంతవరకూ వచ్చిందంటారు?" అని అడిగింది ఒకావిడ.

"ఊపిరి ఉందటండీ."

"అయ్యో, అది సరే. మా పిల్లాడి చొక్కా సంగతి."

అంబులెన్సు వాళ్లు తలుపు బాదారు. ఆ అమ్మాయి తీసేసరికి స్ట్రెచరుతో సహా లోపలికొచ్చి, "ఎక్కడండీ నొప్పి?" అన్నారు.

"నొప్పి లేదు" అని దర్జీ ఇంకా గట్టిగా ఏడ్చాడు.

"నొప్పి తెలియట్లేదంటే మరీ ప్రమాదం" అన్నాడు వాళ్లలో పెద్దవాడు. ఇద్దరూ కలిసి తువ్వాలుతో సహా అతన్ని బల్ల మీంచి స్ట్రెచరు మీదికి మార్చారు.

"గుండె కాదండీ బాబూ, దుఃఖం!" అంది ఆ అమ్మాయి అడ్డంపడి.

"దుఃఖానికి మా బండిలో మందు లేదమ్మా. గుండె అనే రాసుకుంటాం."

అప్పుడు జనాన్ని తోసుకుంటూ వదిన వచ్చింది. పెట్టెలకి అంటించే టేపు చుట్ట గాజులా ఇంకా చేతికే ఉంది. వచ్చి కుడిపక్కన నిలబడింది. దర్జీ మెడ తిప్పి ఆవిడకేసి చూశాడు. మెడ తిరిగిన సంగతి అతనితో సహా ఎవరూ గమనించలేదు.

"ఏవయ్యా, ఏమైంది?" నాలుగు నెలల్లో ఆవిడ అతనితో అన్న మొదటి మాట.

"సుద్ద గీతలు వదినా..."

"ఏం గీతలు?"

"అన్నయ్య ఆఖరిసారి గీసిన గుడ్డలు. స్కూలు చొక్కాలవి. సుద్ద ఎన్నాళ్లుంటుంది వదినా? ఎవరైనా ముట్టుకుంటే చెరిగిపోతుంది. చెరిగిపోకముందే కుట్టేద్దామని మూడో రోజే వెళ్లి తాళం తీశాను. అన్నీ కుట్టేశాను. కాలర్లే ఉండిపోయాయి, నలభై చొక్కాలకి. నాకు రాదు కదా. ఇంకొకళ్లకి ఇవ్వడానికి మనసొప్పలేదు. అది అన్నయ్య చెయ్యి."

అంబులెన్సు వాళ్లు స్ట్రెచరు మెల్లగా కింద పెట్టారు. వదిన ఆ పక్కనే నేల మీద కూర్చుండిపోయి, అరచేత్తో కళ్లు తుడుచుకుంది.

"వెళ్లిపోవద్దు వదినా" అన్నాడు దర్జీ.

ఆవిడ చేతికున్న టేపు చుట్ట తీసి పక్కన పెట్టింది. "వెళ్లనులే. ఆ చొక్కాలన్నీ మేడ మీదికి పంపించు."

"మేడ మీదికి ఎందుకు వదినా?"

ఆవిడ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "మీ అన్నయ్యకి కాలర్ తిప్పడం ఎప్పుడొచ్చిందయ్యా? ఇరవై ఆరేళ్లూ ఇంట్లో కూర్చుని తిప్పింది నేను. తమ్ముడికి తెలిస్తే లోకువైపోతానని నా చేత ఒట్టు వేయించుకున్నాడు."

దర్జీ ఏడుపు ఠక్కున ఆగిపోయింది. స్ట్రెచరు మీద లేచి కూర్చున్నాడు. ముఖం ఎర్రబడింది.

అన్నయ్య మీద కోపం తెచ్చుకోవడానికి పాపం అతనికి అప్పటికి తీరిక దొరికింది.