కాపురానికి కాంబో ఆఫరే రక్ష

కాంబో ఆఫర్లను తిట్టేవాళ్లకు పెళ్లి కాలేదని నా గట్టి నమ్మకం. ఒకవేళ అయినా, కొత్త మొగుడితో ఓడెక్కే అవసరం మాత్రం వాళ్లకు రాలేదు!

నాకు తెలుసు, మీ బాధేమిటో. ఒక్క టూత్‌బ్రష్ కావాలని ఫోన్ తెరుస్తారు. ఐదింటి ప్యాకే ఉందంటుంది యాప్. షాంపూ ఒక్కటే చాలంటే వినదు, కండిషనర్ తోడు లేనిదే గడప దాటనంటుంది. పోనీ రెండూ కొంటే, డెలివరీ ఉచితంగా కావాలంటే బుట్టలో ఇంకేదైనా వేయమంటుంది. దువ్వెన కొంటే ఒళ్లు రుద్దుకునే పీచు ఫ్రీ, పీచు కొంటే దువ్వెన ఫ్రీ. ఇది దోపిడీ అని మీరంటారు. దీవెన అని నేనంటాను. ఎందుకంటారా? కూర్చోండి, చెబుతాను.

నా మెడలో పసుపు తాడుకు ఇంకా రంగు తగ్గలేదు. మా ఆయన (ఈ మాట రాయడం ఎంత బాగుందో! ఇంకోసారి రాస్తాను) మా ఆయన సాయిచంద్, నేనూ గచ్చిబౌలిలో ఒకే ఆఫీసులో, ఒకే టీంలో పని చేస్తాం. ఇద్దరికీ ఒకే మేనేజర్, రాకేశ్ సార్. ముంబైలో ఓడెక్కి పదిహేను రోజులు సముద్రం మీద తిరిగొస్తామని సెలవు అడిగితే, అక్కడికక్కడే ఇచ్చేశారు. దేవుడి లాంటి మనిషి. కాకపోతే దేవుడు కూడా వరమిచ్చేటప్పుడు ఒక చిన్న షరతు పెడతాడు కదా!

"పోండి, మంచిగ ఎంజాయ్ చేయండి. ల్యాప్‌టాప్‌లు మాత్రం ఇద్దరు పట్కపోండి. ఏం లేదు, జస్ట్ సేఫ్టీకి."

నడి సముద్రంలో సేఫ్టీకి లైఫ్ జాకెట్ ఇస్తారని విన్నాను. ల్యాప్‌టాప్ తేలుతుందో లేదో నాకు తెలియదు. తెలిసిందల్లా ఒకటే. అది వెంట వస్తే ఆ పదిహేను రోజులూ నాకు సముద్రమూ, మా ఆయన వీపూ కనిపిస్తాయి. మా రిసెప్షన్ స్టేజీ మీదే ఒక కాల్ తీసుకున్న మనిషి! ఆ ఫొటోలో నేను నవ్వుతున్నాను, ఆయన మ్యూట్‌లో ఉన్నారు.

సరే, ఆ గొడవ మనకెందుకు? మనం మాట్లాడుకుంటున్నది సబ్బుల గురించి.

ఓడలో గది అగ్గిపెట్టెంత ఉంటుందట. మంచం కింద ఒక సూట్‌కేస్, గోడకు రెండు బ్యాగులు, అంతకుమించి పట్టదట. సూట్‌కేస్ బట్టలకు పోయింది. మిగిలినవి ఆఫీసు వాళ్లిచ్చిన బ్యాగులే. హైటెక్ సిటీలో ఎవరి వీపు మీద చూసినా ఉంటుందే ఆ నల్ల బ్యాగు, లోపల ల్యాప్‌టాప్ కోసం మెత్తటి అర ఉన్నది, అదే. ఆయనకొకటి, నాకొకటి.

ఇక అసలు చిక్కు. ఇద్దరు మనుషులకు పదిహేను రోజులకు ఎంత పేస్టు కావాలి? ఎన్ని సబ్బులు? ఇద్దరం ఇంజినీరింగ్ చదివాం, ఇద్దరం తెల్లముఖం వేశాం. తప్పు మాది కాదు. మా ఇంట్లో సబ్బు అయిపోతే ఆర్డర్ పెడతాం, ఒంటి మీద నీళ్లు ఆరేలోపు కొత్త సబ్బు గుమ్మంలో ఉంటుంది. అలాంటి కాపురంలో ఒక సబ్బు ఎన్నాళ్లొస్తుందో ఎవరు చూశారు? సముద్రంలో మాత్రం పది నిమిషాల డెలివరీ లేదు. పడవేసుకుని ఎవరొస్తారు?

బాచుపల్లి నుంచి మా అత్తమ్మ నీలమ్మ ఫోన్ చేసింది.

"ఓడల ఉప్పు నీళ్లే వస్తయట బిడ్డా, సబ్బు నురుగు రాదు. కుంకుడుకాయలు పంపుతున్న, సున్నిపిండి గూడ. వాడు నామోషీ అంటడు, వానికి తెల్వకుండ సదురు."

"మంచి నీళ్లే వస్తయంట అత్తమ్మా."

"నువ్వు పొయ్యి చూసినవా?"

చూడలేదు. పెద్దల మాట కాదనగలమా? కుంకుడుకాయలు మా ఆయన బ్యాగులోకి వెళ్లాయి. ఆ రోజే నాకు కాంబో ఆఫర్ మహిమ తెలిసొచ్చింది. ఒక్క షాంపూ కొంటే బ్యాగులో ఒక మూల నిండుతుంది. కాంబో కొంటే బ్యాగే నిండుతుంది! ఆహా, అనుకున్నాను.

ఆ తర్వాత నేను వెనక్కి చూడలేదు. జుట్టు రాలితే ఒక షాంపూ, రాలకపోతే ఒకటి. ఎండకు లోషన్, ఎండ లేకపోతే ఇంకో లోషన్. తుఫాను వస్తే? తలంటుకునే రోజు తుఫాను వస్తే? అన్నీ ఆలోచించాలి కదండీ! మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర కాపలా ఉండే ఓదెలు ఒక రోజు ఆపి మరీ అడిగాడు.

"మేడం, దినాం సబ్బులే వస్తున్నయ్. దుకాణం గిట్ల పెడుతున్రా ఏంది?"

"లేదన్నా, ఓడ మీద పోతున్నం."

"గన్ని సబ్బులా! ఓడను గూడ మీరే కడుగుతరా?"

నవ్వుకోనివ్వండి. కండిషనర్ సీసాలను మా ఆయన బ్యాగులో, ఆ మెత్తటి అరలో పడుకోబెడితే, ఉయ్యాలలో పసిపిల్లల్లా ఎంత ముద్దుగా ఒదిగాయో! ఆ అర వాటి కోసమే కుట్టారనిపించింది.

మా ఆయనా తక్కువేం తినలేదు. ఆయన పేరు మీదా డబ్బాలు దిగడం మొదలైంది. షేవింగ్ ఫోమ్, ఒకటి కొంటే ఒకటి ఫ్రీ. మా ఆయనకు నిండు గడ్డం. పెళ్లికి నేను సరే అన్నది సగం ఆ గడ్డాన్ని చూసే. మరి ఈ ఫోమ్ ఎవరికి? అడిగితే, "ఆఫర్ ఉండె" అన్నారు. పాపం, అమాయకుడు! ఇలాంటి వాడితో కాపురం ఎలా నెట్టుకొస్తానో అనుకున్నాను.

రేపు లింగంపల్లిలో ముంబై రైలెక్కాలనగా, సాయంత్రం హాల్లోంచి కేక వినిపించింది.

"వసంతా, నా బ్యాగుల జాగా లేదేంది?"

"షాంపూలు పెట్టిన. ఉప్పు నీళ్లని అత్తమ్మ చెప్పింది కద."

"మరి నా ల్యాప్‌టాప్?"

"నా బ్యాగుల పెట్టు. ఖాళీగనే ఉంది."

నా ల్యాప్‌టాప్‌ను బీరువాలో చీరల కింద ఎప్పుడో దాచేశాను లెండి. ఆయన కదల్లేదు. సీలింగ్ ఫ్యాన్‌ను కొత్తగా చూస్తున్నట్టు చూస్తున్నారు. నాకు అనుమానమొచ్చి వెళ్లి నా బ్యాగు జిప్ లాగాను. షేవింగ్ ఫోమ్! అడుగున ఫోమ్, పైన ఫోమ్, ల్యాప్‌టాప్ అరలో వరసగా ఆఫ్టర్ షేవ్ సీసాలు.

"గడ్డపోనికి గివన్ని ఎందుకు?"

"నీ ల్యాప్‌టాప్ పట్టొద్దని."

చూశారా! కాంబో ఆఫర్ లేకపోతే ఈ మాట నేను ఏ జన్మలో వినేదాన్ని? బంగారం కొనిచ్చే మొగుళ్లు ఊరికొకరు దొరుకుతారు. గడ్డం ఉంచుకుని భార్య కోసం షేవింగ్ ఫోమ్ కొనేవాడు నాకొక్కదానికే దొరికాడు. ఇద్దరం ఆ సీసాల మధ్య కింద కూర్చుని నవ్వుతూ ఉండగా ఆయన ఫోన్ మోగింది. రాకేశ్ సార్. స్పీకర్ పెట్టారు.

"సాయీ, ల్యాప్‌టాప్‌లు సదురుకున్నరా?"

మా ఆయన నా వైపు చూశారు.

"జాగా లేదు సార్."

"రెండు బ్యాగులల్ల జాగా లేదా? ఏం పెట్టిండ్రు?"

"షాంపూలు సార్. కాంబోల వచ్చినయ్. వాపస్ గూడ తీస్కోరంట."

అయిపోయింది, సముద్రం మీద మళ్లీ ఆ వీపే అనుకున్నాను. ఇంతలో ఫోన్‌లో తలుపు మూసిన శబ్దం. తర్వాత రాకేశ్ సార్ గొంతు, చాలా మెల్లగా.

"సరే, ఇక్కడనే పెట్టి పోండి, నేను చూసుకుంట. ఒక్క మాట సాయీ. వచ్చే నెల ఇంట్లోళ్లతోని వేములవాడ పోతున్న, రాజన్నకు గుండు మొక్కుంది. పైనోళ్లు నన్ను గూడ ల్యాప్‌టాప్ పట్కపొమ్మంటున్నరు. ఆ షాంపూ లింక్ జర పంపవా?"

పంపాం. అందుకే చెబుతున్నాను, కాంబో ఆఫర్లను తిట్టకండి. సెలవంటే సెలవేనని పైవాళ్ల ముఖం మీద చెప్పడం కంటే, గుండుకు షాంపూ కొనడమే మా హైటెక్ సిటీలో తేలిక!