దక్షిణం మెచ్చిన మనిషి

ఆ సోమవారం పొద్దున నారాయణమ్మ పెట్టుకున్న పని ఒక్కటే. ఉడికించిన సగ్గుబియ్యం పిండి చల్లారకముందే మిద్దెమీద పాత చీర పరిచి వడియాలు పెట్టేయాలి, ఎండ ముదరకముందే కిందికి దిగిపోవాలి. పిండిగిన్నె చంకన పెట్టుకుని ఆమె మెట్లెక్కేసరికి మిద్దెమీద ఎవరో కొత్త మనిషి ఉన్నాడు. చేతిలో ఫోను పట్టుకుని తనచుట్టూ తాను నెమ్మదిగా తిరుగుతున్నాడు. ఆమె భర్త ఉలిగప్ప కొలతల టేపు ఒక కొస పట్టుకుని, తప్పు చేసినవాడిలా నేలకేసి చూస్తున్నాడు.

"పెద్దాయనా, మీ దక్షిణం శానా బాగుండాది," అన్నాడు కొత్త మనిషి. "పడమర గూడా ఖాళీనే. ఉత్తరంతో మనకు పనే లేదు. ఈ నీళ్లట్యాంకు ఒకటి అడ్డముండాది. దాన్ని తీసి ఈశాన్యంలో పెట్టుకోండి."

నారాయణమ్మకు చేతిలో గిన్నె బరువెక్కింది. ఇల్లు కొనేవాళ్లు దిక్కులు చూస్తారని ఆమెకు తెలుసు. కానీ ఉత్తరాన్ని వద్దనేవాణ్ణి, ఈశాన్యంలో బరువు పెట్టమనేవాణ్ణి ఆమె ఇంతవరకు చూడలేదు. తాను చదివిన పంచాంగాల్లో గానీ, భక్తి మాసపత్రికల్లో గానీ దక్షిణాన్ని ఇంతగా మెచ్చుకున్నవాడు ఒక్కడు కూడా లేడు. ఆ మనిషి ఆమెను చూసి నమస్కారం పెట్టి, ఇంట్లో ఎంతమంది ఉంటారని, రాత్రిపూట ఏయే గదుల్లో పడుకుంటారని అడిగాడు. పరాయివాడికి ఆ సంగతులు ఎందుకో ఆమెకు అర్థం కాలేదు. అతను కిందికి దిగిపోయాక, ఎవరని భర్తను అడిగింది.

"తెలిసినోడేలే. హిందూపురం. మిద్దె చూసిపోదామని వచ్చినాడు," అన్నాడు ఉలిగప్ప.

నిజానికి ఆ ప్రేమ్ కుమార్ హిందూపురంలో సోలారు పలకలు, బ్యాటరీలు బిగించే దుకాణం మనిషి. ఎండ ఎటునుంచి ఎక్కువ పడుతుందో, నీడ ఎక్కడ అడ్డం వస్తుందో చూడడానికే వచ్చాడు. ఆర్టీసీ గ్యారేజీలో పనిచేసి రిటైరైన ఉలిగప్పకు కిందటి ఎండాకాలం కరెంటు కోతలతో ప్రాణం విసిగిపోయింది. పగలు ఎండతో బ్యాటరీ నిండితే, కరెంటు పోయినప్పుడు ఇల్లు దానిమీద నడుస్తుందని విని ఆశపడ్డాడు. అయితే బజారులో ఎవరిదో కరెంటు స్కూటరు బ్యాటరీ పేలి, బండి బూడిదైపోవడం నారాయణమ్మ తన కళ్లతో చూసింది. బ్యాటరీ అన్నది నా గడప దాటకూడదు అని ఆరోజే భర్తతో ఒట్టు వేయించుకుంది. అందుకే ఉలిగప్ప ఈ పని గుట్టుగా మొదలుపెట్టాడు. బిగించేశాక ఆమె తిట్టినా, ఫ్యాను గాలి కింద కూర్చుని తిట్టించుకోవచ్చునని అతని లెక్క.

నారాయణమ్మ లెక్క వేరు. ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీ వచ్చిన తరువాత పెనుకొండ వీధుల్లో ఇండ్లకోసం తిరిగేవాళ్లు ఎక్కువయ్యారు. పక్కింటి మేరీని అడిగితే, వీధి చివరి ఇల్లు అమ్ముడుపోయే ముందు కూడా ఇట్లాగే ఎవరో మిద్దె కొలుచుకుని పోయారని చెప్పింది. మరునాడు ఉలిగప్ప ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు చొక్కా లోపల దాచుకుని హిందూపురం బస్సెక్కాడు. ఇక అనుమానం ఎక్కడుంది?

భర్తను నేరుగా అడిగేయవచ్చు. అడిగితే అవునంటాడేమోనని భయం. అడగనంతవరకు ఇల్లు ఇంకా తమదే. ఆ రెండు రోజులూ ఆమె ఏ గదిలోకి పోయినా ఎందుకు పోయిందో మరిచిపోయి, గోడమీద చెయ్యి వేసి కాసేపు నిలబడి వచ్చేది. అమ్మ పోయినప్పుడు, అక్క పోయినప్పుడు, కూతురు నాగమణి పెండ్లయి ధర్మవరం పోయినప్పుడు కూడా ఆమె ఇట్లాగే గోడలు పట్టుకుని నిలబడింది. ఇప్పుడు ఆ గోడలే పోతే దేన్ని పట్టుకుని నిలబడాలో తెలియలేదు.

బుధవారం అన్నం వడ్డిస్తూ ఇక ఉండబట్టలేకపోయింది.

"నాకంతా తెలిసిపోయిందిలే, నాగమణి నాయనా. ఇంగ దాచే పని లేదు."

ఉలిగప్ప చేతిలో ముద్ద ఆగిపోయింది. "ఎవురు చెప్పిరి?"

"చెప్పేదేముండాది? నాకు కండ్లు లేవా? ఆ అబ్బి కొలతలు తీసుకున్నప్పుడే తెలిసె."

"కోపం లేదు గదా?"

"నేను కోపపడితే నిలిచిపోతాదా?"

"అడ్వాన్సు గూడా ఇచ్చేసినామే," అన్నాడు ఉలిగప్ప, సగం భయం తీరినవాడిలా. అడ్వాన్సు ఇచ్చేది కొనేవాళ్లు కదా, ఈయన ఇవ్వడమేమిటని ఆమెకు ఒక్క క్షణం తికమక కలిగింది. ఇచ్చినారు అనబోయి ఇచ్చినామన్నాడులే అని సరిపెట్టుకుంది.

"ఎప్పుడు మరి?"

"శుక్రవారం. ఎండలు రాకముందే అయిపోతే మనకే సుఖం. ఒక్కసారి ఈ పని అయిపోయిందంటే ఇరవై ఐదేండ్లు మనకు చింత లేదు."

ఇరవై ఐదేండ్లు అల్లుని ఇంట్లోనా, అనుకుంది నారాయణమ్మ. మజ్జిగ గిన్నె అందుకుంది. భార్య ఇంత సులభంగా ఒప్పుకున్నందుకు ఉలిగప్ప ఆ పూట రెండుసార్లు మజ్జిగ పోయించుకున్నాడు.

గురువారం అతను మళ్లీ హిందూపురం పోయాడు. అక్కడివాళ్లు ఇదిగో అదిగో అంటున్నారు కాబట్టి, ఆ రాత్రికి బంధువుల ఇంట్లో ఉండి, పొద్దునే వాళ్ల వ్యానులోనే వస్తానని చెప్పాడు. అతను వీధి మలుపు తిరగగానే నారాయణమ్మ ధర్మవరానికి ఫోను చేసి, తామిద్దరూ ఇక అక్కడికే వచ్చేస్తున్నామని కూతురితో చెప్పి ఏడ్చింది. నాగమణి ఏమీ అర్థం కాక తండ్రికి ఫోను చేసింది. ఉలిగప్ప సంతోషంగా, అమ్మ చెప్పేసిందా, శుక్రవారం మీరూ రాండి, నాలుగు చేతులుంటే పని తొందరగా అవుతుంది అన్నాడు. దాంతో ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది. నాగమణి భర్త లోకేష్ పట్టుచీరలు నేస్తాడు. ముందు గదంతా మగ్గమే. అత్తమామలకు చోటు ఎక్కడ చేయాలా అని అతను ఆ పగలంతా మగ్గం చుట్టూ తిరిగాడు.

ఆ మగ్గం నారాయణమ్మకూ గుర్తుంది. అంత ఇరుకింటికి సామాన్లు మోసుకుపోతే అల్లుడి ముందు మాట పడాలి. అందుకని అన్నీ ఇక్కడే, తెలిసినవాళ్లకు ఇచ్చేయాలని తీర్మానించుకుంది. దోసెలు పోసి అమ్ముకునే బాలనాగమ్మకు గ్రైండరు. ఎదురింటి కొత్తకోడలు హరితకు మిక్సీ. పగలంతా బొగ్గుల పెట్టె ముందు నిలబడి ఇస్త్రీ చేసే ఓబన్నకు స్టాండు ఫ్యాను. నారాయణమ్మవాళ్ల మిద్దె ఎత్తు తక్కువ, పై ఫ్యాను బిగిస్తే చెయ్యెత్తినప్పుడు తగులుతుందని ఇంట్లో ఆ స్టాండు ఫ్యాను ఒక్కటే ఉండేది. మేరీకి ఫ్రిజ్జు. టీవీ ముందే చెడిపోయి మూలన ఉంది కాబట్టి దాన్ని ఎవరూ అడగలేదు.

ఊరికే ఇవ్వలేదు. ఆడవాళ్లను పీటమీద కూర్చోబెట్టి, పసుపు కుంకుమ పెట్టి, ఆకువక్క చేతిలో పెట్టి, వస్తువుకు కూడా బొట్టు పెట్టి సాగనంపింది. మేరీ బొట్టు పెట్టుకోదు. ఆమెకు ఎప్పటిలాగే పూలు, అరటిపండ్లు ఇచ్చింది. మనుషులనైతే మళ్లీ రండి అనవచ్చు. గ్రైండరుతో ఏమనాలో తెలియక దాని మూత సరిగ్గా పెట్టి, జాగ్రత్త అంది. పది నిమిషాల తరువాత బాలనాగమ్మ ఇంట్లో అది తిరుగుతున్న చప్పుడు వినిపించి, తన చేతికింద ఎప్పుడూ చేయని చప్పుడు చేస్తున్నట్టు తోచింది.

మేరీ మాత్రం ఫ్రిజ్జు తీసుకుపోయి, మళ్లీ వచ్చి గడపలో కూలబడింది. ఇన్నేండ్లు ఒక గోడకు ఇటూ అటూ బతికి, ఇప్పుడు ఫ్రిజ్జు ఇచ్చి పోతావా అక్కా అని ఏడ్చింది. దారి క్షేమం కోసం శుక్రవారం పొద్దున తమ చర్చి ఆడవాళ్లను పిలిచి ప్రార్థన చేయిస్తానంది. వద్దనడానికి నారాయణమ్మకు మనసు రాలేదు.

శుక్రవారం తెల్లవారింది. ఖాళీ నడింట్లో చాప పరుచుకుని మేరీ, తెల్లచీరల ఆడవాళ్లు నలుగురు కండ్లు మూసుకుని ప్రార్థిస్తున్నారు. మధ్యలో నారాయణమ్మ తలవంచుకుని కూర్చుంది. గుమ్మం దగ్గర వీధిలోని మిగతా ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అప్పుడే ధర్మవరం నుంచి నాగమణి, లోకేష్ ఖాళీ గూడ్సు ఆటోతో దిగారు. వాళ్ల వెనుకే హిందూపురం వ్యాను వచ్చి ఆటోకు ముక్కు ఆనించి నిలిచింది. ఉలిగప్ప బ్యాటరీకి టెంకాయ కొట్టాలని బజారులోనే దిగిపోయాడు. వ్యానులోంచి ప్రేమ్ కుమార్ దిగి, అట్టపెట్టెలు దింపించడం మొదలుపెట్టాడు.

లోకేష్‌కు ఒళ్లు మండిపోయింది. "ఏమబ్బా, మా అత్త ఇంకా ఇంట్లోనే ఉండాది. అప్పుడే నీ సామాన్లు దింపుతాండావే?"

"ఆయమ్మ ఇంట్లో ఉంటే మాకేం అడ్డం లేదన్నా," అన్నాడు ప్రేమ్ కుమార్ మర్యాదగా. "లోపల ఒక గోడ చూపిస్తే మా పని మేము చూసుకుంటాం."

"గోడేంది? ఇల్లంతా తీసుకునింది నువ్వే గదా."

"ఇల్లు నేను తీసుకునేదేంది? పెద్దాయన తీసుకున్నాడు, నేను తెచ్చినా."

ఎవరు ఎవరికి ఏమి అమ్మారో లోకేష్‌కు తెలియలేదు. ఒక పెట్టెను అతను వ్యానులోకి ఎత్తితే, ప్రేమ్ కుమార్ దాన్ని మళ్లీ కిందికి దింపాడు. ఆటో డ్రైవరు తన బండికి సామాన్లు రావడంలేదని, వ్యాను డ్రైవరు తన బండిలో సామాన్లు తగ్గడంలేదని కేకలు మొదలుపెట్టారు.

ఆ సమయానికి ఉలిగప్ప టెంకాయ, పూలదండ పట్టుకుని వీధి మలుపు తిరిగాడు. ఇంటిముందు జనం. కొంగులు నోటికి పెట్టుకున్న ఆడవాళ్లు. ఏడుపుమొహంతో కూతురు. తలుపులోంచి చూస్తే సామాను లేని నడిల్లు, చాపమీద తెల్లచీరలు, మెల్లగా ప్రార్థన. ఇట్లాంటి ఇండ్లు అతను చాలా చూశాడు. టెంకాయ చేతిలోంచి జారి రోడ్డుమీద దొర్లింది. బ్యాటరీ వద్దని ఆమె ఎంత చెప్పిందో అంతా ఒక్కసారిగా చెవుల్లో మోగింది. నిన్న పొద్దున పోతూ, పోయొస్తానని కూడా సరిగ్గా చెప్పలేదు. అరుగుమీద కూర్చుండిపోయి, దండ ఒళ్లో పెట్టుకుని, "నన్నిడిసి పోయినావా మే," అన్నాడు.

"యాడికి పోతా? నువ్వొస్తేనే గదా పోయేది," అంది నారాయణమ్మ లోపలినుంచి.

ఆమె బయటికి వచ్చింది. ఒకరినొకరు చూసుకున్నారు. ఈ మనిషి ఇల్లు అమ్మి ఏడుస్తున్నాడేమిటని ఆమె, చచ్చిపోయిన మనిషి తనను గద్దిస్తోందేమిటని అతను.

"పద మరి," అంది ఆమె. "నాగమణి ఆటో తెచ్చింది."

"యాడికే?"

"ఇల్లు అమ్మినావు గదా."

"యా ఇల్లు?" అన్నాడు ఉలిగప్ప. నిజంగానే అతనికి తెలియదు. "ఇల్లు అమ్మేటోడ్నయితే నీకు చెప్పకుండా అమ్ముతానా?"

"మరి ఆ పెట్టెల్లో ఏముండాది?"

ఉలిగప్ప ప్రేమ్ కుమార్ వైపు చూశాడు. ప్రేమ్ కుమార్ ఆకాశంలో దక్షిణం వైపు చూశాడు. చివరికి ఉలిగప్పే, సోలారు బ్యాటరీ అన్నాడు, ఎవరికీ వినపడనంత మెల్లగా.

"అది చెప్పినావా?" అంది నారాయణమ్మ.

ఉలిగప్ప రోడ్డుమీద దొర్లిన టెంకాయను ఏరుకోవడానికి వంగాడు. ఆమె మాత్రం అనుకున్నంత తిట్టలేదు. ఇల్లు పోయిందనుకుని రాత్రంతా ఏడ్చిన మనిషికి, బ్యాటరీ ఒకటి లోపలికి రావడం అంత పెద్ద విషయంగా తోచలేదు. వంటింటికి దూరంగా పెట్టమని ఒక్కమాట చెప్పి, గోడమీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడింది.

సాయంత్రానికి పలకలు మిద్దె ఎక్కాయి, బ్యాటరీ ముందుగదిలో గోడకు ఆనింది. ప్రేమ్ కుమార్ చేతులు తుడుచుకుని, మెయిను ఆపి, ఏదైనా ఒకటి వేయండి, ఎట్లా నడుస్తుందో చూపిస్తానన్నాడు. ఉలిగప్ప ఫ్యాను కోసం చూశాడు. తరువాత ఫ్రిజ్జు కోసం చూశాడు. భార్య మొహం చూసి, వెతకడం మానేసి బల్బు వేశాడు. బల్బు చక్కగా వెలిగింది.

పోయి అడిగి తెచ్చుకుందామత్తా అన్నాడు లోకేష్. పసుపు కుంకుమ పెట్టిచ్చిన వస్తువును తిరిగి అడిగితే ఆ ఆడవాళ్ల మొహం ఎట్లా చూడాలని నారాయణమ్మ ససేమిరా అంది. మేరీ తనంతట తానే ఫ్రిజ్జు తిరిగిస్తానని వచ్చింది. కానీ అది దేవుడు ఇప్పించిన ఫ్రిజ్జని ఆమె అప్పటికే చర్చిలో అందరి ముందూ సాక్ష్యం చెప్పేసింది. ఉంచుకోమ్మా, నువ్వు ఈడ, నేను ఈడ, అది ఎవరింట్లో ఉంటే ఏమని నారాయణమ్మే నచ్చజెప్పి పంపింది.

ఎండలు ముదిరి, కోతలు మొదలయ్యాయి. మొదటిసారి కరెంటు పోయిన మధ్యాహ్నం, వీధిలో నారాయణమ్మ ఇంట్లో ఒక్కచోటే బల్బు వెలుగుతోంది. ముందు హరిత మిక్సీ చంకన పెట్టుకుని వచ్చింది, చట్నీ సగంలో ఆగిపోయిందని. తరువాత బాలనాగమ్మ, ఆమె చెల్లెలు గ్రైండరును చెరోవైపు పట్టుకుని గడప దాటించారు. ఓబన్న ఫ్యానును భుజాన వేసుకుని వచ్చి, నడింట్లో పెట్టి, దాని ముందు కండ్లు మూసుకున్నాడు. ఫ్రిజ్జు ఒక్కటే నడిచి రాలేదు. దాని బదులు మేరీ వచ్చింది. ఆ హోరులో నారాయణమ్మ ఒక్కొక్కరికీ పీట వేసి, ఒక్కొక్క వస్తువునూ తడిమి చూసుకుంది. కరెంటు వచ్చేదాకా ఎవరూ లేవరు, ఎవరూ ఎక్కడికీ పోరు. బ్యాటరీకి ఆమె ఆ సాయంత్రమే, కాస్త దూరంగా నిలబడి, బొట్టు పెట్టింది.

కరెంటు రాగానే అందరూ ఎవరి వస్తువులు వాళ్లు ఎత్తుకుని పోతారు, ఓబన్న ఫ్యానుతో సహా. అందుకే పెనుకొండలో ఇప్పుడు కరెంటు ఎప్పుడు పోతుందా అని గడపలో కూర్చుని విసనకర్రతో విసురుకుంటూ ఎదురుచూసే మనిషి ఉలిగప్ప ఒక్కడే.