పర్మిట్ లేని పెట్ట

బర్డ్ ఫ్లూ వచ్చిందని సంబరపడిన కొత్త పెళ్లికూతురు ఎక్కడైనా ఉందా? ఉంది. నేనే!

ఆదివారం పొద్దున మా ఆయన సునీల్ ఫోన్ చూస్తూ, "సుచీ, మన హిందూపురంలో చికెన్ షాపులన్నీ బంద్ అంట" అన్నాడు. కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే నేను గంతేశాను.

ఎందుకంటారా? పెళ్లయినప్పటి నుంచి మేము తిన్నది విందులు కాదు, శిక్షలు. ధర్మవరంలో పిన్నమ్మ ఇంట్లో కోడికూర. పెనుకొండలో మేనమామ ఇంట్లో సంగటి, మళ్లీ కోడికూర. చాలంటే అలుగుతారు. పట్టుచీర మీదికి ముచ్చటపడి కుట్టించుకున్న జాకెట్‌కు హుక్కులన్నీ రాజీనామా చేశాయి!

అందుకే ప్రభుత్వానికి ఆ హుక్కుల తరఫున నా వందనం.

ఆ రోజు మమ్మల్ని ఎవరూ భోజనానికి పిలవలేదు. ఇద్దరమే కూర్చుని ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. కారం తక్కువున్న బజ్జీ ఏరి సునీల్ నాకు పెట్టాడు. ఇంతకంటే గొప్ప సంక్షేమ పథకం ఉంటుందా?

ఇక నివారణ చర్యలు చూడాలి! మా వీధి చివర నాగప్ప చికెన్ షాపు ముందు ఎంత బ్లీచింగ్ చల్లారంటే, మంచు కురిసిందనుకుని మేము సెల్ఫీ దిగాం. తెల్ల కిట్లు తొడుక్కున్న సిబ్బంది ఖాళీ గంపలను కూడా వదలకుండా తనిఖీ చేశారు. ఒక పోస్టరు కోడిని తినొద్దంది. పక్క పోస్టరు బాగా ఉడికించి తినమంది. జనానికి ఇంత స్వేచ్ఛ ఇచ్చే శాఖ ఇంకొకటి చూపించండి!

నా ఆనందం ఇట్లా సాగుతుండగా అవ్వ బయలుదేరింది.

సునీల్ వాళ్ల అవ్వ ఉలిగమ్మది కనగానపల్లి. కొత్త కోడలు కాపురం పెట్టగానే, పొదుగుకొచ్చిన పెట్టను గుడ్లతో సహా తెచ్చి, ఆ పిల్ల చేతనే పొదగేయించడం వాళ్లింటి ఆచారం. కోడిపిల్లలు కిచకిచమంటేనే కాపురం కుదురుకున్నట్టు. నేను గంపలో ఇసుక పోసి, గడ్డి పరిచి, గంటకోసారి దాన్ని చూసి మురిసిపోతున్నాను.

పెనుకొండ దగ్గర చెక్‌పోస్టులో అవ్వను బస్సు దించేశారు. ఆమె మాకు ఫోన్ కలిపి, అక్కడి పోలీసాయనతో తగువు పెట్టుకుంది.

"ఏమప్పా, నా పెట్ట తుమ్మిందా, దగ్గిందా? యాల ఆపుతాండావు?"

"కోళ్లను దాటించకూడదవ్వా. ఆర్డరు."

"మరి ఆ లారీలో పోతాండేటివి ఏంది, కాకులా?"

"దానికి పర్మిట్ ఉండాది. నీ పెట్టకు ఉండాదా?"

లారీ చక్రాలకు మందు కొట్టి సాగనంపారు. అవ్వనూ పెట్టనూ తిరుగు బస్సెక్కించారు.

నేను డిగ్రీలో జువాలజీ చదివాను. అయినా వైరస్‌కు చదువొచ్చని, పర్మిట్ చూపిస్తే పక్కకు తప్పుకుంటుందని మా కాలేజీలో ఒక్కరూ చెప్పలేదు!

"ఇట్లే ఊర్లోనే ఉండిపోతే పెట్ట పొదుగు దిగిపోతాది పాపా, మళ్లీ గుడ్లమీద కూర్చోదు" అని రాత్రి అవ్వ ఫోన్‌లో గొంతు తగ్గించింది. మా గంప ఖాళీగానే ఉంది. నాకు మొదటిసారి కోడికూర మీద కాకుండా ఆర్డరు మీద వెగటు పుట్టింది.

అందుకే రేపు మొదటి బస్సుకు నేనూ సునీల్ కనగానపల్లి పోతున్నాం. అవ్వనూ పెట్టనూ వెంటబెట్టుకుని హైవే మీద నిలబడతాం. వచ్చేటప్పుడు మాత్రం బస్సెక్కం. కోళ్ల లారీకి చెయ్యెత్తి లిఫ్ట్ అడుగుతాం.

దాన్నెవరూ ఆపరు కదా!